పరమాణు మందపు అర్ధవాహక పొరలను పేర్చినప్పుడు కాంతి తీరు ఎందుకు మారుతుంది?

ప్రశ్న

మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటి పొర మీద లేజర్ కాంతి పడితే అది చక్కగా ప్రకాశిస్తుందనీ, అదే పదార్థపు రెండో పొర తోడైతే ఆ వెలుగు బాగా తగ్గిపోతుందనీ చదివాను. పొరల మధ్య రసాయన బంధాలేవీ లేవు, ఉన్నదల్లా బలహీనమైన వాండర్‌వాల్స్ ఆకర్షణే. అలాంటప్పుడు రెండు పొరలకు రెట్టింపు వెలుగు రావాలి గాని, తగ్గడమేమిటి? వేర్వేరు పదార్థాల పొరలను పేర్చితే రెండింటిలోనూ విడివిడిగా కనిపించని కాంతి పుడుతుందని కూడా అంటున్నారు. ఈ రెండింటికీ మూలం ఒకటేనా?

సమాధానం 1

ముందుగా శోషణను, ఉద్గారాన్ని వేరుచేసి చూడాలి. శోషణ వరకు మీ అంచనా దాదాపు సరైనదే. సుమారు 0.65 నానోమీటర్ల మందమున్న ఒక్క పొర, అనుకూలమైన తరంగదైర్ఘ్యాల వద్ద, తన మీద పడిన కాంతిలో 5 నుంచి 10 శాతం దాకా పీల్చుకుంటుంది. ఇంత పలుచని పదార్థానికి ఇది చాలా ఎక్కువ. రెండో పొర చేరితే శోషణ కూడా ఆ మేరకు పెరుగుతుంది.

చిక్కంతా ఉద్గారంలో ఉంది. ఫోటాన్‌కు ఉండే ద్రవ్యవేగం స్ఫటికంలోని ఎలక్ట్రాన్ ద్రవ్యవేగంతో పోలిస్తే లెక్కలోకి రాదు కనుక, ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీ) రెండూ ఒకే ద్రవ్యవేగం వద్ద ఉంటేనే అవి సులువుగా కలిసి కాంతినిస్తాయి. ఒంటి పొరలో వాహక పట్టీ (ఉత్తేజిత ఎలక్ట్రాన్లు చేరే శక్తి స్థాయిల గుంపు) అడుగు, సంయోజక పట్టీ (మామూలుగా ఎలక్ట్రాన్లతో నిండి ఉండే స్థాయిల గుంపు) శిఖరం రెండూ కె బిందువు అనే ఒకే ద్రవ్యవేగం దగ్గర ఉంటాయి. అక్కడి స్థితులు ప్రధానంగా మాలిబ్డినం డి ఆర్బిటాల్‌ల నుంచి వచ్చినవి. మాలిబ్డినం పరమాణువులు పైనా కిందా గంధకపు పరమాణువుల మధ్య ఉండటం వల్ల పక్క పొర ప్రభావం వాటిని పెద్దగా తాకదు. గామా బిందువు (సున్నా ద్రవ్యవేగం) దగ్గరి స్థితులలో మాత్రం పొర బయటికి చొచ్చుకువచ్చే గంధకపు పి ఆర్బిటాల్‌ల పాలు కూడా గణనీయంగా ఉంటుంది. రెండో పొర వచ్చినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి అతివ్యాపించి, ఒక స్థితి శక్తి పైకి జరుగుతుంది, దాంతో సంయోజక పట్టీ శిఖరం కె నుంచి గామాకు మారిపోతుంది. బంధం బలహీనమే అయినా ఆ మార్పుకు అది చాలు. కె దగ్గర శోషణ యథాతథంగా జరుగుతుంది, కానీ ఎలక్ట్రాన్, హోల్ కలిసేలోగానే వేర్వేరు ద్రవ్యవేగాల వద్దకు జారిపోతాయి. ఒంటి పొర సుమారు 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ప్రకాశిస్తే, మందపాటి స్ఫటికానిది సుమారు 1.3 ఎలక్ట్రాన్ వోల్టుల పరోక్ష అంతరం, అంటే వేర్వేరు ద్రవ్యవేగాల వద్ద ఉన్న అడుగు, శిఖరాల మధ్య శక్తి తేడా. ఈ సంగతిని 2010లో రెండు బృందాలు విడివిడిగా ప్రయోగాలతో చూపించాయి.

సమాధానం 2

మీ రెండో ప్రశ్నకు మూలం వేరు. మాలిబ్డినం డైసెలినైడ్, టంగ్‌స్టన్ డైసెలినైడ్ పొరలను పేర్చినప్పుడు వాహక పట్టీ అడుగు మొదటిదానిలోనూ, సంయోజక పట్టీ శిఖరం రెండోదానిలోనూ ఉంటాయి కాబట్టి, కాంతి ఏ పొరలో శోషించబడినా ఎలక్ట్రాన్ మాలిబ్డినం వైపుకూ, హోల్ టంగ్‌స్టన్ వైపుకూ చేరుకుంటాయి. ఇలాంటి మరో జంటలో, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌లలో, ఈ బదిలీ 50 ఫెమ్టోసెకన్లలోపే జరుగుతుందని 2014లో కొలిచారు.

విడిపోయినా అవి ఒకదాన్నొకటి వదలవు. పలుచని పొరలో విద్యుత్ క్షేత్ర రేఖలు ఎక్కువభాగం పదార్థం బయటి నుంచి పోతాయి గనుక ఆకర్షణను తగ్గించే అడ్డు తక్కువ; అందుకే గాలియం ఆర్సెనైడ్‌లో సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులుండే ఎక్సైటాన్ (ఒకదానికొకటి కట్టుబడిన ఎలక్ట్రాన్, హోల్ జంట) బంధన శక్తి ఇక్కడ వందల్లో ఉంటుంది. పొరల మధ్య ఏర్పడిన ఈ ఎక్సైటాన్ నుంచి 1.4 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో వచ్చే కాంతిని 2015లో గుర్తించారు. ఎలక్ట్రాన్, హోల్ వేర్వేరు పొరల్లో ఉన్నందున అవి నెమ్మదిగా కలుస్తాయి. అందుకే శోషణ పటంలో దీని జాడ అతి స్వల్పం. మరొక విశేషం, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: ఈ ఎక్సైటాన్‌కు పొరలకు లంబంగా శాశ్వత ద్విధ్రువం (వేరుపడి ఉన్న ధన, ఋణ ఆవేశాల జంట) ఉంటుంది. ఆవేశాల మధ్య దూరం 0.6 నానోమీటర్లనుకుంటే, నానోమీటరుకు 0.1 వోల్టు క్షేత్రంతో కాంతి శక్తిని దాదాపు 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు జరపవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఒక పొరను మరో పొర మీద కొద్దిగా తిప్పి పెడితే ఏమవుతుంది? ఆ కోణాన్ని ఎలా తెలుసుకుంటారు?

సమాధానం 3

తిప్పితే రెండు పొరల కె బిందువులు ద్రవ్యవేగ తలంలో పరస్పరం పక్కకు జరుగుతాయి. 0 లేదా 60 డిగ్రీల దగ్గర పొరల మధ్య ఎక్సైటాన్ కాంతి బలంగా ఉండి, వాటికి దూరమయ్యేకొద్దీ మసకబారడానికి కారణం అదే. చిన్న కోణాల వద్ద మోయిరే నమూనా (రెండు పరమాణు జాలకాలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు కనిపించే పెద్ద అల్లిక) కూడా ఏర్పడుతుంది: పై రెండు డైసెలినైడ్‌లకు 1 డిగ్రీ వద్ద దాని ఆవర్తనం సుమారు 19 నానోమీటర్లు. పరమాణువుల అమరిక చోటుచోటుకూ మారడంతో ఎక్సైటాన్‌కు శక్తి గుంటలు ఏర్పడతాయి, వాటి ప్రభావాన్ని చూపే ప్రయోగాలు 2019లో వెలువడ్డాయి. కోణం మరీ తక్కువైతే పొరలు తమంతట తామే సర్దుకుని, అనుకూలమైన అమరిక గల విశాల ప్రాంతాలుగా మారతాయి. కాబట్టి గీసిన బొమ్మలోని క్రమమైన మోయిరే నమూనాయే పరీక్షించే ముక్కలో ఉందని అనుకోవడం సరికాదు.

కోణం కొలవడానికి ద్వితీయ హార్మోనిక్ ఉద్గారాన్ని వాడతారు. పేర్చకముందు ఒక్కో పొర మీద లేజర్ ధ్రువణాన్ని తిప్పుతూ రెట్టింపు పౌనఃపున్యపు కాంతిని నమోదుచేస్తే ఆరు రేకుల పటం వస్తుంది, దాని దిశ ఆ స్ఫటిక దిశను చెబుతుంది. అయితే ఆరు రేకులూ ఒకేలా ఉంటాయి కనుక 0 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ తేడా ఆ పటంలో తెలియదు. పేర్చిన తరువాత పొరలు ఒకదానిపై ఒకటి పడిన చోట మళ్లీ కొలవాలి: అక్కడ సంకేతం ఒంటి పొరకన్నా దాదాపు నాలుగు రెట్లు పెరిగితే 0 డిగ్రీలు, దాదాపు మాయమైతే 60 డిగ్రీలు.