టీవీ ముచ్చట్లకు పోయే సెలబ్రిటీలకు పైసలిస్తారా?

మిర్యాలగూడ అమ్మాయి:
నిన్న ఒక హీరో ఇంటర్వ్యూ చూస్తుంటే, గంటసేపు కూర్చుని మాట్లాడినందుకు ఈయనకు ఎంతిస్తారే అని అమ్మ అడిగింది. నాకు తెలియదు. కానీ నాకూ తెలుసుకోవాలనే ఉంది, ఎందుకంటే మా మేనమామ ఒగ్గు కథ చెప్తాడు, పోయినేడు ఒక చానల్ వాళ్లు పిలిస్తే ఐదుగురు డోళ్లు మోసుకుని తెల్లారుజామున బస్సెక్కి హైదరాబాద్ పోయారు, పొద్దున పదింటికి రమ్మని సాయంత్రం ఆరింటికి షూట్ చేసి, ఒక శాలువా కప్పి పంపారు. చార్జీలు కూడా మామే పెట్టుకున్నాడు. ఆ శాలువా కవర్ విప్పకుండా ఇంకా బీరువాలోనే ఉంది. ఇప్పుడు బతుకమ్మ స్పెషల్‌కు మళ్లీ రమ్మంటున్నారు. పైసలు అడగొచ్చా? అడిగితే బాగుండదంటున్నాడు మామ.

కెమెరా వెనకాల:
చెల్లె, నేను ఇలాంటి ప్రోగ్రాంలకు కోఆర్డినేటర్‌గా చేశాను. సినిమా రిలీజ్ ముందు వచ్చే హీరో హీరోయిన్లకు చాలావరకు చానల్ ఏమీ ఇవ్వదు. ప్రమోషన్‌కు రావాలని నిర్మాతతో ముందే మాట ఉంటుంది, సినిమాకు పబ్లిసిటీ, చానల్‌కు రేటింగ్. మేకప్‌మన్, అసిస్టెంట్ల బేటాలు (రోజువారీ ఖర్చుల పైసలు) ఎవరు కట్టాలన్న దగ్గరే పంచాయితీ. రిలీజ్ ఏమీ లేని పాత నటులను పిలిస్తే ఎంతో కొంత ఇవ్వాల్సి వస్తుంది. బిగ్‌బాస్‌ లాంటివి వేరు, అక్కడ అగ్రిమెంట్ రాసుకుని ఇస్తారు. మీ మామ చేసేది ప్రదర్శన, దానికి పేమెంట్ అడగాల్సిందే.

పాలమూరు టు న్యూజెర్సీ:
ఇక్కడ అమెరికాలో లేట్ నైట్ షోకు వచ్చే నటులకు యూనియన్ ఒప్పందం ప్రకారం కనీస రేటు ముడుతుంది. పెద్ద స్టార్‌కు అది చిల్లర కిందే లెక్క, కానీ అదే షోలో ఐదు నిమిషాలు నవ్వించి పోయే చిన్న కమెడియన్‌కు అది ఆ నెల ఇంటి అద్దెలో సాయం. రేటు ముందే కాగితం మీద ఉంటుంది కాబట్టి నోరు తెరిచి అడగాల్సిన అవసరమే పడదు. మన జానపద కళాకారులకు అలాంటి కాగితం ఒక్కటి ఉంటే ఎంత బాగుండేది!

దేవరకొండ మాస్టారు:
అమ్మా, ఆకాశవాణిలో ఆడిషన్ పెట్టి గ్రేడ్ ఇస్తారు, గ్రేడ్‌ను బట్టి ఫీజు ఇస్తారు. సర్కారు రేడియోనే ఇస్తున్నప్పుడు మీ మామ అడగడం తప్పెట్లా అవుతుంది? ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా వాట్సాప్‌లో రాసి పెట్టు: ఎంతమంది వస్తారు, చార్జీలు, భోజనం, ఒక్కొక్కరికి ఎంత, ఏ రోజు ఇస్తారు. సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదివాకే పెట్టమను, యూట్యూబ్‌లో ఎన్నిసార్లైనా వేసుకునే హక్కు అందులోనే రాసుకుంటారు. పాన్ కార్డు వెంట ఉండాలి, టీడీఎస్ అని ఇచ్చే పైసల్లోంచి పన్ను ముందే కోస్తే, మీ మామకు పన్ను పడేంత ఆదాయం లేకుంటే రేపు రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

మిర్యాలగూడ అమ్మాయి:
మాస్టారూ, మీరు చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. చార్జీలు, భోజనం ఒప్పుకున్నారు, మిగతాది పైవాళ్లను అడిగి చెప్తామన్నారు. మామ అప్పుడే వాకిట్లో కూర్చుని డోలు తాళ్లు బిగిస్తున్నాడు. పైసల సంగతి తేలేదాకా టికెట్లు తీయొద్దని గట్టిగా చెప్పి వచ్చాను.