చెయ్యి ఎత్తితే షర్ట్ మొత్తం పైకి లేస్తోంది

ప్యాటర్న్ పెట్టి ఆడవాళ్ల లూజ్ షర్ట్ కుడుతున్నాను. గుడ్డ సాగని కాటన్ పాప్లిన్. ఛాతీ 92 సెం.మీ., షర్ట్ చుట్టుకొలత 112, కాబట్టి వదులుకు లోటు లేదు. చేతులు దించి ఉంటే ఫిట్టింగ్ బాగుంది. భుజం ఎత్తుకి లేపితే మాత్రం కింది అంచు 6 సెం.మీ. పైకి వచ్చేస్తోంది, చంక దగ్గర ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి.

చంకను 1.5 సెం.మీ. కిందికి కోస్తే, విచిత్రంగా, ఇంకా ఎక్కువైంది. పాత గుడ్డతో 2 సెం.మీ. వెడల్పు పెంచిన చెయ్యి కుట్టి తగిలించాను, పెద్దగా తేడా లేదు. చంక కుట్టులో చిన్న కాట్లు పెట్టినా అంతే. వీపు మీద ప్లీట్ ఉంది, అక్కడ పట్టేయడం లేదు.

షర్ట్ చేతి పైవంపు (భుజం దగ్గర కుట్టే గుండ్రటి పైభాగం) ఎత్తు 14 సెం.మీ. ఉంది. మళ్లీ కత్తిరించేటప్పుడు ఆ ఎత్తు తగ్గించాలా, లేక చంకనే పైకి జరపాలా?