బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటూ నెలకు 15,000: డెలివరీనా, వాయిస్ ప్రాసెసా, ఫేక్ ఎక్స్‌పీరియన్సా?

ప్రశ్న:
అన్నలూ, అక్కలూ, మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. 2025లో బీటెక్ ఈసీఈ పాసయ్యాను. ఐటీ కాల్స్ రావడం లేదు. పీజీకీ ఖర్చులకూ నెలకు 15,000 కావాలి, ఇంట్లో ఇక అడగలేను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పీఎఫ్ కూడా చూపిస్తాం అంటున్నారు. బండి ఉంది, సాయంత్రాలు డెలివరీ చేస్తే గడుస్తుందా? ఏది మేలు?

జవాబు 1:
ముందు ఆ లక్షన్నర సంగతి తేల్చుకో తమ్ముడూ. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఒక్క ఎక్స్‌పీరియన్స్ లెటర్ చూసి వదిలేయరు. యూఏఎన్ (నీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే నంబరు) సర్వీస్ హిస్టరీ, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 26ఏఎస్ (నీ పేరున కట్టిన పన్ను వివరాలు), జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్ అడిగి పక్కపక్కన పెట్టి చూస్తారు. 2025లో పాసైనవాడికి మూడేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం అంటే డిగ్రీ తేదీ దగ్గరే లెక్క తప్పుతుంది. "పీఎఫ్ చూపిస్తాం" అంటే ఏదో డొల్ల కంపెనీ పేరున నీ డబ్బే నీకు జమ చేయడం. పాత నెలలకు ఇప్పుడు కట్టినా, కట్టిన తేదీ రికార్డులో ఉంటుంది. అలాంటి కంపెనీల పేర్లతో పెద్ద ఐటీ సంస్థల దగ్గర విడిగా జాబితాలుంటాయి. చేరిన ఆరు నెలలకు బయటపడినా తీసేస్తారు. రిలీవింగ్ లెటర్ రాదు, పీఎఫ్‌లో మాత్రం ఆ ఉద్యోగం కనబడుతూనే ఉంటుంది. తర్వాతి ఇంటర్వ్యూలో దాన్ని చెప్పుకోలేవు, దాచుకోలేవు. లక్షన్నర పోవడం కంటే ఇది పెద్ద నష్టం.

జవాబు 2:
డెలివరీ లెక్క యాప్‌లో కనబడే అంకెతో వేయకండి. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా 80 కి.మీ. తిరిగారనుకుందాం. బండి లీటరుకు 45 కి.మీ. ఇస్తే 1.8 లీటర్ల దాకా తాగుతుంది. లీటరు 103 వేసుకుంటే పెట్రోలుకే 185. ఆయిల్, చైన్, బ్రేకులు, టైర్లకు కిలోమీటరుకు 75 పైసల చొప్పున ఇంకో 60 పక్కన పెట్టాలి. యాప్ 700 చూపిస్తే మీకు మిగిలేది 455. 26 రోజులు మానకుండా తిరిగితే 11,800. వాన రోజులు, జ్వరం రోజులు ఇందులో లేవు.

ఎక్కువమంది దెబ్బతినేది ఖాళీగా వెనక్కి వచ్చే దూరంతో. రెస్టారెంట్ ఆర్డరు మిమ్మల్ని కుందలహళ్ళి నుంచి ఎక్కడో వర్తూరు అవతల దింపేస్తుంది, అక్కడ తర్వాతి ఆర్డరు రాదు. కిరాణా డార్క్ స్టోర్ (ఆన్‌లైన్ ఆర్డర్లకు మాత్రమే ఉండే గోదాము) అయితే మళ్లీ అదే స్టోరుకు రావాలి, కానీ తిరిగే వలయం చిన్నది. పెట్రోలు, నడుము రెండూ మిగులుతాయి. చేరేముందు టీ షర్టు, బ్యాగు డబ్బులు ఎంత కోస్తారో, ప్రమాద బీమా మొదటి రోజు నుంచే ఉంటుందో లేదో అడగండి. బండిది ఏపీ లేదా తెలంగాణ నంబరైతే, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలని చట్టం. దానికి మన ఊరి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి.

జవాబు 3:
నీకు తెలుగు ఉంది కదా తమ్ముడూ, ఈ ఊళ్లో దానికి జీతం ఇస్తారు. జాబ్ సైట్లలో "తెలుగు వాయిస్ ప్రాసెస్", "రీజనల్ లాంగ్వేజ్ సపోర్ట్" అని వెతుకు. బ్యాంకు, బీమా, షాపింగ్ కంపెనీల కస్టమర్ కాల్స్ ఇవి. హిందీ కానీ కన్నడ కానీ వస్తే ఇంకా తేలిక.

ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇక్కడ తప్పేది ఇంగ్లీషులో కాదు, తెలుగులో. "మీ రీఫండ్ 1,780 రూపాయలు, ఏడు పని దినాల్లో అదే ఖాతాలో పడుతుంది" అన్న మాటను తడబడకుండా, కోపంగా ఉన్న పెద్దాయనకు "అండి" తగ్గకుండా చెప్పగలగాలి. అంకెలు, తేదీలు తెలుగులో గట్టిగా పలుకుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. టైపింగ్ టెస్టు ఉంటుంది, అదీ సాధన చెయ్యి.

ఆఫర్ వచ్చాక సీటీసీ (కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు) కాదు, చేతికెంత అని అడుగు. గ్రాస్ (కోతలకు ముందు జీతం) 18,000, అందులో బేసిక్ 9,000 అయితే పీఎఫ్ 1,080, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 135 పోయి 16,785 వస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ కోత ఉన్న ఉద్యోగమే ఎంచుకో. కోత లేకపోతే రేపు చూపించడానికి రికార్డూ ఉండదు. డే షిఫ్ట్ అడుగు, ఇంటర్వ్యూలకు సాయంత్రాలు, వీక్‌ఆఫ్‌లు మిగులుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు. ఐటీ ఆఫర్ రాగానే చెప్పకుండా మానేయకు, నోటీసు పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకో.

అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా. యువనిధి (కర్ణాటక ప్రభుత్వ నిరుద్యోగ భృతి) కింద నెలకు 3,000 వస్తాయంటున్నారు, మనకూ ఇస్తారా? ఇంకొకటి, రూమ్మేట్ తన బ్యాంకు ఖాతా అద్దెకిచ్చి నెలకు 5,000 తీసుకుంటున్నాడు. అది పర్లేదా?

జవాబు 1:
యువనిధి కర్ణాటక స్థానికులకు. ఇక్కడ కనీసం ఆరేళ్లు చదివి ఉండాలి, మనకు రాదు. దాని బదులు నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకో. ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఇస్తారు, పూర్తయ్యాక సర్టిఫికెట్ వస్తుంది. అందులో పీఎఫ్ ఉండదు కాబట్టి ఆ సర్టిఫికెట్ జాగ్రత్త.

ఖాతా సంగతి: ఇవాళే ఆపమని చెప్పు. ఆ ఖాతాలోకి వచ్చేది ఎక్కడో మోసపోయినవాళ్ల డబ్బు. వాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసులో మొదట వచ్చేది ఖాతాదారు పేరే. ఏటీఎం కార్డు, సిమ్ వెనక్కి తీసుకుని బ్యాంకుకు రాసివ్వాలి. టెలిగ్రామ్‌లో రేటింగులు ఇస్తే డబ్బులిస్తాం అనే పనులూ ఇలాంటి మోసమే. మొదట 150 నిజంగానే వేస్తారు, తర్వాత వెయ్యి కట్టమంటారు.

అడిగినవారు:
కన్సల్టెన్సీకి ఆధార్, పాన్ కాపీలు ఇప్పటికే ఇచ్చేశాను. నా పేరున ఏమైనా తెరిచారేమో ఎలా చూడాలి?

జవాబు 3:
ఈపీఎఫ్ఓ సైట్‌లో "నో యువర్ యూఏఎన్" ఉంటుంది, ఆధార్ లేదా పాన్‌తో చూడు. నంబరు వస్తే యాక్టివేట్ చేసుకుని సర్వీస్ హిస్టరీ తెరువు. నువ్వు పనిచేయని కంపెనీ కనబడితే స్క్రీన్‌షాట్ తీసుకుని, అక్కడే దాన్ని నీ యూఏఎన్ నుంచి విడదీసే (డీలింక్) వీలుందేమో చూడు. అది కుదరకపోతే ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. కన్సల్టెన్సీ వాళ్లకు "నా పేరున ఏ రికార్డూ తెరవొద్దు" అని ఈమెయిల్ పంపి దాచుకో. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా వేసెయ్యి.