8 కిలోమీటర్ల లోపలికి వచ్చే మరపడవలను ఆపేదెవరు?

ప్రశ్న (తీరవాసి):
మాది నెల్లూరు జిల్లాలో ఒక మత్స్యకార గ్రామం. రాష్ట్రంలో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లోనే వచ్చింది. దాని ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం నాటు పడవల వేటకే. మరపడవలు ఆ అవతలే వేటాడాలి. అయినా తమిళనాడులోని కడలూరు వైపు నుంచి వచ్చే సోనా బోట్లనే మరపడవలు రాత్రిపూట వాటి దీపాలు ఒడ్డుకు కనిపించేంత దగ్గరలో వలలు లాగుతున్నాయి, మా వాళ్లు వేసిన వలలు వాటికి చిక్కి తెగిపోతున్నాయి. ఫిర్యాదు చేస్తే గస్తీకి పడవ లేదంటారు, పడవ ఉన్ననాడు డీజిల్ లేదంటారు. ఈ హద్దును కాయవలసింది ఎవరు?

జవాబు 1 (చట్టం తెలిసినవాడు):
తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా, చేపల వేట రాష్ట్రాల పరిధిలోనిది. అక్కడి నుంచి 200 మైళ్ల వరకు కేంద్రానిది. కాబట్టి మీ 8 కిలోమీటర్ల బాధ్యత రాష్ట్రానిదే. చిక్కంతా పొరుగు రాష్ట్రపు పడవతోనే: ఇక్కడి అధికారి దాన్ని పట్టుకుని జరిమానా వేయగలరు గానీ, దాని సొంత రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును రద్దు చేయలేరు. చేపల గుంపును చుట్టేసి అడుగు బిగించే పర్స్ సీన్ వలలనైతే తమిళనాడు 2000లోనే నిషేధించింది. ఆ వలలకు 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర అనుమతి కూడా 12 మైళ్లకు అవతల, సోమ, గురువారాల్లో, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 గంటల వరకు, జాడ తెలిపే పరికరం ఉన్న పడవలకే వర్తిస్తుంది. షరతులు బాగానే ఉన్నాయి, చీకట్లో వాటిని సరిచూసేవారే కరువు.

జవాబు 2 (రేవు మనిషి):
నడిసముద్రంలో వెంటాడి పట్టుకోవడం మీదే ఆశ పెట్టుకుంటే లాభం లేదండీ. వల ఎక్కడ వేసినా చేప దిగేది రేవులోనే. 2016లో అమలులోకి వచ్చిన రేవు దేశాల చర్యల అంతర్జాతీయ ఒప్పందం చేసేది ఇదే: దొంగవేట చేసిందని తేలిన విదేశీ నౌకను రేవులోకి రానివ్వకపోవడం, వచ్చినా సరుకు దించనివ్వకపోవడం. మన జెట్టీలకు ఆ ఒప్పందం వర్తించకపోయినా పద్ధతి మాత్రం వర్తిస్తుంది. హద్దు దాటిన పడవకు రాయితీ డీజిల్ ఆపి, వేలంపాటలో దాని సరుకు పెట్టనివ్వకపోతే, యజమానే మర్నాడు సరంగును నిలదీస్తాడు. కేంద్రం 364 కోట్ల రూపాయలతో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని 2024లో ప్రారంభించింది. పడవ ఎక్కడ తిరిగిందో తెలిపే ఆ సమాచారాన్ని రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు పంచుకుంటే సగం తగాదా తీరుతుంది.

జవాబు 3 (విశాఖ బోటు యజమాని):
తప్పంతా పొరుగువాళ్లదే అనుకోకండి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (ఇవీ చేపల గుంపును చుట్టి పట్టేవే) గొడవలో పడవలు తగలబడినప్పుడు రెండు వైపులా ఉన్నది మన ఊళ్లవాళ్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ముగిశాక, పెట్టుబడి అప్పుతో దిగిన మాలాంటివాళ్లకు లోపలి నీళ్లలో కవళ్ల గుంపు కనిపిస్తే చెయ్యి ఆగదు. జరిమానా కన్నా ఒక్క వేట విలువే ఎక్కువైతే ఎవరు భయపడతారు? రేవు మనిషి గారి మాటతో ఏకీభవిస్తాను, కానీ ఆ కట్టడి మా పడవలకూ వర్తించాలి.

తీరవాసి గారూ, ఈసారి ఫిర్యాదులో పడవ రంగు రాసి ఊరుకోకండి. పడవ పక్కన పెద్ద అక్షరాల్లో ఉండే ఐఎన్‌డి, టీఎన్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య, అప్పటి సమయం, మీ జీపీఎస్ చూపిన అక్షాంశ రేఖాంశాలు రాసి, ఒక ప్రతిని ఆ పడవ సొంత జిల్లా మత్స్యశాఖకూ పంపండి.