ఆర్థో పోస్టింగ్‌కి వచ్చే పిల్లలకి ఏం నేర్పాలి, ఏం వదిలేయాలి?

కొత్త_మాస్టారు: అందరికీ నమస్తే. ఒక మెడికల్ కాలేజీలో ఆర్థో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా జాయినై ఏడాది కూడా కాలేదు. మా ఎముకల విభాగంలో పోస్టింగ్‌కి ఎంబీబీఎస్ పిల్లలు బ్యాచ్‌కి పాతిక మంది వస్తారు, గార్ట్‌లాండ్ క్లాసిఫికేషన్ (పిల్లల్లో మోచేతి పైన ఎముక విరిగితే అది ఏ రకమో చెప్పే పద్ధతి) నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మొన్న ఓపీలో ఒక పెద్దావిడ మోకాలు నొప్పని వస్తే, చూడమ్మా అని ఒకమ్మాయిని పిలిచా. చీర మీదనుంచే ఒక్క వేలు ఆనించి టెండర్‌నెస్ (నొక్కితే నొప్పి) ఉంది సార్ అంది. ఎక్కడమ్మా అంటే మోకాలి దగ్గర సార్ అంది, రెండో కాలు వైపు చూడనే లేదు. నవ్వొచ్చింది గానీ తప్పు ఆ పిల్లది కాదు, రోజూ ఎక్స్‌రే లైట్‌బాక్స్ ముందు నిలబెట్టి పాఠం చెప్పేది మేమే. వీళ్లలో సగం మంది రేపు పీహెచ్‌సీలో కూర్చుంటారు, అక్కడికి వచ్చేది నడుం నొప్పులు, మోకాళ్ల నొప్పులు, భుజం పైకి లేవట్లేదనేవాళ్లు. నా చేతిలో ఉన్నది రోజుకి రెండు గంటలు, నాలుగు వారాలు. మీరైతే ఏం చేస్తారు?

పాత_కాపు: సార్, మొదటి వారం ఆ లైట్‌బాక్స్ ప్లగ్గు పీకేయండి. చూడు, తాకు, కదుపు, ఈ మూడే, అదీ బాగున్న కాలు ముందు చూడాలి. పేషెంట్ల జోలికి పోకుండా ఒకళ్ల మోకాలు ఒకళ్లు చూసుకోమనండి, షార్ట్స్ తెచ్చుకోమంటే సరి, అబ్బాయిలు ఒక రూము అమ్మాయిలు ఒక రూము.

గార్ట్‌లాండ్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మా దగ్గరికి ఏడేళ్ల పిల్లాడొచ్చాడు, చెట్టు మీంచి పడి మోచెయ్యి పైన విరిగితే ఊళ్లో నాటు కట్టు వేయించారు, వెదురు బద్దలు పెట్టి బాగా బిగించేశారు. మా ఇంటర్న్ రేడియల్ పల్స్ పట్టుకుని అందుతోంది సార్, ఫర్వాలేదు అన్నాడు. నేను పిల్లాడి వేళ్లు మెల్లగా చాపబోయానంతే, వార్డంతా దద్దరిల్లేలా అరిచాడు. కట్టు అప్పటికప్పుడే కోసేశాం, చెయ్యి దక్కింది. పల్స్ ఉన్నా కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (లోపల ఒత్తిడి పెరిగి కండరాలకి రక్తం అందకపోవడం) ఉండొచ్చని ఆ ఇంటర్న్ స్లైడ్‌లో పదిసార్లు చదివే ఉంటాడు. ఇంకో మాట, ఆ తల్లిని స్టూడెంట్ల ముందు తిట్టకండి. తిడితే ఈసారి ఇంకా ఆలస్యంగా తెస్తుంది, ఈ పిల్లలూ అలాగే తిట్టడం నేర్చుకుంటారు.

లీడ్స్_నుంచి: గుంటూరు వాడినే, ఇక్కడ ఇంగ్లండ్‌లో రుమటాలజీ (కీళ్లవాతం వైద్యం) చేస్తున్నా. ఇది మన దగ్గరే అనుకోకండి, 1998లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు, కొత్తగా చేరిన 85 మంది రెసిడెంట్లకి ఎముకలూ కీళ్ల మీద బేసిక్ పరీక్ష పెడితే 70 మంది ఫెయిలయ్యారు. ఇక్కడ స్టూడెంట్లందరికీ గాల్స్ అని నేర్పుతారు, నడక, చేతులు, కాళ్లు, వెన్ను, నాలుగూ చూడ్డానికి రెండు మూడు నిమిషాలు చాలు. ముందు మూడు ప్రశ్నలు: ఎక్కడైనా నొప్పిగానీ బిగుతుగానీ ఉందా, బట్టలు మీ అంతట మీరే వేసుకోగలుగుతున్నారా, మెట్లు ఎక్కి దిగగలరా. మనవాళ్లకైతే కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవగలరా అన్నది కూడా నేను కలుపుతా. పొద్దున లేచాక చేతులు స్వాధీనంలోకి రావడానికి ఎంతసేపు పడుతోందని తప్పక అడిగించండి, అరగంట దాటితే కీళ్లవాతం కావచ్చు, అరుగుదల అని రాసి పంపేయకూడదు.

ఫిజియో_అక్క: ఒక్క రోజు మా డిపార్ట్‌మెంట్‌కి పంపండి సార్, బతిమాలి అడుగుతున్నా. చీటీ మీద ఫిజియోథెరపీ అని రాస్తే పనైపోయిందనుకుంటారు. పోయిన నెల ఒకాయన్ని నడుం నొప్పి, ట్రాక్షన్ (బరువులతో నడుం లాగి పట్టడం) ఇవ్వండి అని పంపారు, నేను మంచం మీద పడుకోబెడుతూ మామూలుగా అడిగితే రెండ్రోజుల్నుంచి మూత్రం రావట్లేదమ్మా, కూర్చునే చోట స్పర్శ తెలీట్లేదు అన్నాడు. నడుం దగ్గర నరాలు నొక్కుకుపోతున్న గుర్తులవి, ఇక ట్రాక్షనూ లేదు ఏమీ లేదు, నేనే స్ట్రెచర్ తోసుకుంటూ ఎమర్జెన్సీకి పరిగెత్తా. ఈ రెండు ప్రశ్నలు రాసినవాళ్లే అడగాల్సింది. ఇంకా, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి కిందికి నొక్కి ఐదు సెకన్లు పట్టి ఉంచే ఎక్సర్‌సైజ్ ఉంటుందిగా, దాన్ని పేషెంటుకి తెలుగులో చెప్పమంటే ఒక్కళ్లకీ రాదు, తొడ ముందు కండరం అనకుండా క్వాడ్రిసెప్స్ క్వాడ్రిసెప్స్ అంటారు.

నల్లగొండ_ఎంఓ: అన్నా, మా దిక్కు ఇంకోటి ఉంటది. మా మర్రిగూడ దిక్కు ముసలోళ్లు వచ్చిర్రంటే నడుం కట్టె లెక్క ఉంటది, కొత్తగ వచ్చిన డాక్టర్లు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను బిగుసుకపోయే వాతం) అని రాసేస్తరు. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువైతె వచ్చే ఫ్లోరోసిస్ గాదా అది! గదవ ఛాతికి ఆనియ్యమను, మోకాళ్లు వంచకుంట వంగి కాలి వేళ్లు ముట్టుమను, చేతులు మెడ ఎనకకు పెట్టుమను, పైస ఖర్చు లేదు, అనుమానం అక్కడనే వస్తది. తర్వాత ముంజేతి ఎక్స్‌రే తియ్యి, రెండు ఎముకల నడుమ పొర సున్నం పట్టి కనవడ్తది. 1937లనే ఉమ్మడి మద్రాసుల, నెల్లూరు జిల్లా దిక్కు దీన్ని గుర్తుపట్టి రాసిర్రు. ఇప్పుడు భగీరథ నీళ్లు వచ్చినయ్ గని వంగిన నడుములు నిమ్మళం గావు గదా. ఏ ఊరు, ఏ నీళ్లు తాగి పెరిగినవ్ అని అడుగుడు కూడ నేర్పు అన్నా.

ఫైనల్_ఇయర్: నిజం చెప్పాలంటే సార్, పరీక్షలో రానిది మేం పట్టించుకోం. పీజీ ఎంట్రన్స్‌లో మోకాలు పట్టుకోమని ఎవరూ అడగరు కదా. పోస్టింగ్ చివర్లో మార్కులకి ఒక మోకాలు, ఒక నడుం పెట్టండి, అందరం ఓపీలోనే పడి ఉంటాం.

కొత్త_మాస్టారు: ఈ చివరిది బాగా తగిలింది. పోస్టింగ్ టెస్ట్‌లో ఎంసీక్యూలు తీసేసి, ఒక మోకాలు, ఒక నడుం, టవల్ ఎక్సర్‌సైజ్ తెలుగులో చెప్పడం పెడుతున్నా, హెచ్‌ఓడీ గారు ఒప్పుకున్నారు. ఫిజియో అక్కా, మంగళవారం ఓపీ లేదు, పాతిక మందినీ మా ఫిజియో వాళ్ల దగ్గరికి పంపుతున్నా. షార్ట్స్ సంగతి మాత్రం క్లాసులో ఎలా చెప్పాలో తెలీట్లేదు, పాత_కాపు గారూ, మీరైతే నోటీసులో ఏమని రాస్తారో కాస్త చెప్తారా?