బోరు సర్వేకు ఫీజు: కొలిచినందుకా, నీళ్లు పడినందుకా?

అనంత_సర్వే:
జియోఫిజిక్స్ చదివిన ముగ్గురం అనంతపురంలో చిన్న సర్వే కంపెనీ పెడుతున్నాం. నేలలో నాలుగు కడ్డీలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. పగుళ్లు లేని గ్రానైటులో నిరోధకత (కరెంటుకు రాయి అడ్డుపడే గుణం) వేల ఓమ్-మీటర్లు ఉంటుంది, నీరు పట్టిన మెత్తరాయిలో బాగా పడిపోతుంది. పేచీ ఫీజు దగ్గర వచ్చింది. ఏ ఊరికెళ్లినా "నీళ్లు పడితేనే డబ్బులు" అంటున్నారు. మాలో ఒకరు సరే అందామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

నల్లగొండ_రైతుబిడ్డ:
ఒప్పుకోవాలె అన్నా. సర్వే చేసినాయన పొద్దుగూకక ముందే పైసలు తీసుకొని పోతడు. తెల్లారి రిగ్గు వస్తది. అడుగుకు ఇంత, కేసింగ్ వేరే. ఆరేడు వందల అడుగులు పోయినంక దుమ్ము లేస్తే ఆ అప్పు రైతుదే. మా ఇంట్ల అట్లాంటి అప్పు ఇప్పటికీ నడుస్తున్నది. నష్టంల పాలు లేనోళ్ల మాట మేమెట్ల నమ్మాలె? కొబ్బరికాయతోని చూసే మా ఊరి పెద్దాయన గూడ నీళ్లు పడకుంటే రూపాయి ముట్టడు.

హ్యూస్టన్_లాగింగ్:
ఆ నాలుగు కడ్డీల పద్ధతుల్లో మనవాళ్లు ఎక్కువగా వాడేదానికి ష్లంబర్జే పేరే ఉంది, కాబట్టి చమురు బావుల్లో కొలతలు తీసే ఆ పేరు కంపెనీ కథ ఇక్కడ పనికొస్తుంది. కాన్రాడ్ ష్లంబర్జే 1912లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో నేలలోకి కరెంటు పంపి పటాలు గీశాడు. 1913లో సెర్బియాలోని బోర్‌లో రాగి ఖనిజం జాడ పట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో తండ్రి పాల్ పెట్టుబడి పెడుతూ, డబ్బు కంటే శాస్త్రానిదే ముందు స్థానమని ఒప్పందంలో రాయించాడు. 1926లో కాన్రాడ్, తమ్ముడు మార్సెల్ కలిసి కంపెనీ పెట్టారు. 1927 సెప్టెంబరు 5న ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో చమురు బావిలోకి పరికరం దించి, మీటరు మీటరుకీ ఆపి నిరోధకత కొలిచి, చేత్తో గ్రాఫు గీశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్లు అమ్మింది కొలతనే, చమురులో వాటా అడగలేదు. అందుకే ఒకరికొకరు పోటీ అయిన చమురు కంపెనీలు కూడా వాళ్ల గ్రాఫును నమ్మాయి.

నల్లగొండ_రైతుబిడ్డ:
మంచిగ చెప్పినవ్ అన్నా. కానీ పెషెల్‌బ్రాన్ బావి అప్పటికే తవ్వి ఉన్నది. తవ్విన బొక్కలోకి దించి కొలిచిన్రు. మా దగ్గర తవ్వకముందే చెప్పాలె. పైగా చమురు కంపెనీకి ఒక బావి పోతే ఇంకోటి ఉంటది. నాకున్నది ఒక్క చేను.

హ్యూస్టన్_లాగింగ్:
తమ్ముడూ, అది బలమైన మాట. అందుకే పైనుంచి కొలిచేవాడు ఇంకా నిక్కచ్చిగా ఉండాలి. నాలుగైదు వందల అడుగుల లోతులో అడుగు మందం పగులులో నీరుంటే, ఈ పద్ధతిలో పైనుంచి అది కనపడదు. బంకమట్టి, ఉప్పునీరు కూడా నిరోధకతను తగ్గిస్తాయి, అవి చూసి మంచినీళ్లనుకునే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసి కూడా గ్యారంటీ ఇచ్చేవాడు రైతును మోసం చేస్తున్నట్టే.

కదిరి_జియాలజిస్టు:
నేను ఈ పనిలోనే ఉన్నాను. రైతు బాధ నిజం, కానీ ఆ షరతు చివరికి రైతునే ముంచుతుంది. పడితేనే ఫీజు అన్నప్పుడు, "ఇక్కడ వద్దు, రిగ్గు పిలవొద్దు" అని చెప్పినవాడికి పైసా రాదు. మా పనిలో రైతుకు ఎక్కువ డబ్బు మిగిల్చే మాట అదే. అది చెప్పినందుకు కూలి లేకపోతే, ఏదో ఒక మూల పాయింటు పెట్టి పోవడమే లాభం. నీళ్లు బాగానే ఉన్న ఊళ్లో కళ్లు మూసుకొని పాయింటు పెట్టినా కొన్ని బోర్లు పడతాయి. పడినచోట ఫీజు తీసుకొని, పడనిచోట వదిలేస్తే ఏమీ తెలియనివాడికీ బతుకు గడుస్తుంది. కొబ్బరికాయ పెద్దాయన నిజాయితీని తప్పుపట్టను, కానీ ఆ షరతు విద్యకు పరీక్ష కాదు.

నల్లగొండ_రైతుబిడ్డ:
"వద్దు" అన్నందుకు పైసలియ్యాలె అన్నది నేనెప్పుడూ ఆలోచించలె. మరి ఆ మాట కాగితం మీద రాసిస్తరా? ఇప్పటిదాంక ఎవరూ గ్రాఫు చేతికియ్యలె, సున్నంతో ముగ్గు పెట్టి పోయిన్రు.

కదిరి_జియాలజిస్టు:
రాసి ఇవ్వాల్సిందే. గ్రాఫు, ఏ లోతులో ఏముందనుకుంటున్నాం, ఎన్ని అడుగుల దగ్గర ఆపేయాలి, ఎంత నమ్మకంతో చెబుతున్నాం. అన్నిటికంటే ఆపే లోతు ముఖ్యం. "ఇంకో వంద అడుగులు పోదాం" అని రిగ్గువాడు అన్నప్పుడు రైతు చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

అనంత_సర్వే:
ఇంకొకటి చేర్చుతాం. మేం సర్వే చేసిన ప్రతి బోరూ పడిందో లేదో ఊరి పేరు, లోతుతో సహా గ్రామ సచివాలయం గోడ మీద అంటిస్తాం, పడనివి కూడా. ఫీజు మాత్రం కొలిచినందుకే. ఇంత చేసినా "పడితేనే డబ్బులు" అనేవాళ్లుంటే ఆ పని వదులుకుంటాం. నల్లగొండ తమ్ముడూ, ఈ లెక్కన మీ చేను చూడమంటే ఒప్పుకుంటారా?

నల్లగొండ_రైతుబిడ్డ:
గ్రాఫు చేతికిస్తే ఒప్పుకుంట. ఫీజు ఎంతో ముందే చెప్పున్రి. పడని బోర్ల లెక్క గూడ మా ఊరి గోడ మీద పెట్టాలె.