కెప్టెన్ వ్యోమ్ ఇప్పుడు చూడగలమా?

సత్యనారాయణపురం కుర్రాడు:
మా అక్క కొడుక్కి 1998 నాటి దూరదర్శన్ అంతరిక్ష సీరియల్ కెప్టెన్ వ్యోమ్ పెట్టా. రాకెట్ ఎగరగానే "మామయ్యా, ఇది పాత వీడియో గేమా?" అన్నాడు. ఒళ్లు మండింది. అమెరికా వాళ్ల పాత అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ అయినా నిలుస్తుందంటారా?

బ్రాడీపేట నాలుగో లైను:
నిలుస్తుంది బాబూ. 1966లో అంతరిక్ష ఓడని ప్రతి గ్రహం మీదా దించినట్టు తీయాలంటే ఖర్చు తడిసి మోపెడు. అందుకే మనుషుల్ని మిలమిలా మాయంచేసి కిందకి దింపే యంత్రం పెట్టారు. డబ్బుల్లేక పుట్టిన ఐడియా, ఇప్పటికీ ముచ్చటే! మూడో సీజన్ మాత్రం వద్దు, నీరసం.

పటమట:
వ్యోమ్‌ని తీసిపారెయ్యకండి గురూ. అందులో హీరో మిలింద్ సోమన్ కోసమైనా చూడొచ్చు. శక్తిమాన్‌లో గిరగిరా తిరగడం తీసేస్తే ఏం మిగులుద్ది?

సత్యనారాయణపురం కుర్రాడు:
శక్తిమాన్ జోలికి రాకండి! ఆదివారం ఆ టైముకి కరెంటు పోతే మా వీధంతా లైన్‌మన్‌ని తిట్టేది.